అప్పగించే ముందు నిజం చెప్పండి



ఈసారి ఒక కుక్క గురించి రాస్తున్నాము. "అయ్యగారు వాక్యం వదిలిపెట్టి కుక్కల మీద పడ్డారేంది" అని మా సంఘంలో కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. పోయిన ఏడాది రెండు నెలల పాటు మేమిద్దరం, భార్యాభర్తలం, హైదరాబాద్ పాతబస్తీలో పెరిగిన ఒక జర్మన్ షెపర్డ్‌కు కొత్త ఇల్లు వెతికాము. దాని వయసు 14 నెలలు, బరువు 34 కిలోలు, పేరు షేరు. ఆ రెండు నెలల్లో మనుషుల గురించి, మాట గురించి, అప్పగింత గురించి మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇలాంటి కష్టంలో ఉన్న ఏ కుటుంబానికైనా పనికొస్తాయని రాస్తున్నాము.

ఆ కుటుంబం మా ఊరిదే. శ్రీశైలం రహదారి మీద కడ్తాల్ దాటాక ఉన్న మా గ్రామం నుంచి తొమ్మిదేళ్ల క్రితం పని కోసం పట్నం పోయారు. ఆ తమ్ముడు ఛత్తా బజారులో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సులో పని చేస్తాడు. చెల్లెమ్మ ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుంది. వాళ్లకు తొమ్మిదేళ్ల పాప. తమ్ముడి తల్లి కూడా వాళ్లతోనే ఉంటుంది. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర గల్లీలో మొదటి అంతస్తులో రెండు గదుల పోర్షన్. మెట్లు అందరికీ ఒక్కటే. కింద ఇంటి మాలిక్ కుటుంబం ఉంటుంది. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు ఊరికి వస్తారు, మా మందిరంలోనే కూర్చుంటారు.

షేరు వాళ్లింటికి వచ్చిన తీరు విచిత్రం. తమ్ముడు ఖాళీ సమయంలో ఒకాయనకు విజిటింగ్ కార్డులు, బ్యానర్లు డిజైన్ చేసిపెట్టాడు. ఆయన కుక్కపిల్లల వ్యాపారి. డబ్బు ఇవ్వాల్సిన రోజు రాగానే డబ్బుకు బదులు 45 రోజుల పిల్లను చేతిలో పెట్టి, "పదిహేను వేల మాల్ ఇది, నీ అదృష్టం" అన్నాడట. పాప దాన్ని చూసింది. ఇంకేముంది, ఆ రాత్రి అది పాప పక్కనే పడుకుంది. దూదిపింజలాగా ఉన్న ఆ పిల్ల ఎంత పెద్దదవుతుందో, దానికి రోజూ ఎంత తిరుగుడు కావాలో ఆ వ్యాపారి ఒక్క మాట చెప్పలేదు. ప్రియులారా, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. షేరు కష్టాలన్నీ ఆ చెప్పని మాట దగ్గరే మొదలయ్యాయి.

ఎదిగిన మగ జర్మన్ షెపర్డ్ 30 నుంచి 40 కిలోల దాకా తూగుతుంది, భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెండు గదుల ఇంట్లో అది ఇటు తిరిగితే గ్లాసు పడుతుంది, అటు తిరిగితే కుట్టుమిషన్ మీది బట్ట జారుతుంది. తమ్ముడు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, గల్లీలో జనం మేలుకోకముందే దాన్ని ఫలక్‌నుమా రోడ్డు దాకా తిప్పుకొచ్చేవాడు. రాత్రి ప్రెస్సు నుంచి వచ్చాక మళ్లీ తిప్పేవాడు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ప్రెస్సులో పదకొండు దాకా పని. అప్పుడు షేరుకు మిగిలింది మెట్ల చివర డాబా మీద ఎనిమిది అడుగుల చోటు. అక్కడ అది గోడ నుంచి గోడకు పగలంతా తిరిగేది. సిమెంటు మీద దాని కాళ్ల దారి ఒకటి నున్నగా పడిపోయింది. ఒకసారి వాళ్లింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆ దారిని మేము చూశాము.

అది చెడ్డ కుక్క కాదు. ఎవరినీ కరవలేదు. కానీ ఇష్టమైనవాళ్లు కనబడితే మీదికి ఎగురుతుంది. ఒక సాయంత్రం పెద్దమ్మ చర్చి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే, షేరు ప్రేమతోనే రెండు కాళ్లూ ఎత్తి ఆమె మీద వేసింది. ఆమె పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. చిత్రమేమిటంటే ఆ ఇంట్లో షేరుకు అందరికంటే ఎక్కువ ముద్ద పెట్టింది ఆమే. కట్టుతో ఉండి కూడా ఎడమ చేత్తో అన్నం కలిపి పెట్టేది. "దాన్ని ఏమనకుండ్రి, అది నన్ను చూసి మురిసింది అంతే" అనేది.

ఇంటి మాలిక్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆయన కఠినుడు కాడు. ఐదు పూటలా నమాజు చేసే పెద్దమనిషి, గల్లీ అంతా చాచా అని పిలుస్తారు. వుజూ చేసుకొని మసీదుకు బయల్దేరినప్పుడు కుక్క నోటి తడి బట్టలకు తగిలితే కడుక్కొని మార్చుకోవాలి. అది ఆయన ఆచారం, ద్వేషం కాదు. దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన మనిషిని దేవుడు క్షమించాడనే హదీసు మాకు చెప్పింది ఆయనే. ఎండాకాలంలో డాబా మీద షేరుకు మట్టి తొట్టి పెట్టించిందీ ఆయనే. కానీ ఆయన కోడలికి నెలలు నిండుతున్నాయి. పెద్దమ్మ పడ్డ మెట్ల మీదే ఆ అమ్మాయి కూడా ఎక్కి దిగాలి. "రెండు నెలలు టైం తీసుకోండి బేటా, మంచి జాగా చూడండి" అన్నాడు. అలా గడువిచ్చే మాలిక్‌లు ఎందరుంటారు?

గల్లీ వాళ్ల భయం కూడా ఊరికే పుట్టలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక పసివాడు చనిపోయిన సంగతి నగరంలో ఏ తల్లీ మరచిపోలేదు. ఆ మరుసటి ఏడాది మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 రకాల కుక్కలను ప్రమాదకరమైనవిగా లెక్కగట్టి, వాటి అమ్మకానికి, పెంపకానికి అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. కానీ జాబితా చదివేది ఎవరు? చెవులు నిక్కబొడుచుకొని నిలబడ్డ పెద్ద కుక్కను చూస్తే పిల్లల తల్లికి గుండె దడదడలాడుతుంది. ఆమెను తప్పుపట్టలేము.

ఒక రాత్రి తమ్ముడు మాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, ఏం జేయాల్నో సమజైతలేదు. ఎవల్ని అడిగినా ఒకటే మాట, ఔటర్ రింగ్ రోడ్డు కాడ ఇడిచిపెట్టి రా, ఎవడో ఒకడు తీస్కపోతడు అంటున్నరు. నాకు చేతులు వస్తలేవు" అన్నాడు. మేము ఆ మాటకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాము. చేతులు రాకపోవడం కూడా ఒక కృపే. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద, ఆ వేగంలో, ఇల్లు తప్ప మరొకటి ఎరుగని కుక్క ఎంతసేపు బతుకుతుంది? పైగా ఆకలికి, దాహానికి వదిలి జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా ఆ చట్టంలోని 11వ సెక్షన్ కిందికే వస్తుంది. మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకేనని తెలిసినప్పుడు మేము ఆశ్చర్యపోయాము. చట్టం దృష్టిలో ధర తక్కువే. మనస్సాక్షి దగ్గర అలా కాదు.

షెల్టరుకు ఇచ్చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. హైదరాబాదులో మంచి పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ అందరికీ తెలిసినదే. అయితే షెల్టరు అన్నది ముఖ్యంగా గాయపడ్డ, రోగంతో ఉన్న, దిక్కులేని జీవాల కోసం. ఆరోగ్యంగా ఉండి, తిండి పెట్టే ఇల్లు ఇంకా ఉన్న కుక్క అక్కడ ఒక చోటు తీసుకుంటే, కాలు విరిగిన మరో కుక్కకు ఆ చోటు ఉండదు. షేరుకు రెండు నెలల గడువుంది. కాబట్టి ఇల్లు వెతికే భారం మన మీదే ఉందని తమ్ముడితో అన్నాము.

వెతకడానికి ముందు, షేరు ఎందుకు అలా ఉంటుందో తెలుసుకోవాలి అనుకున్నాము. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫనిట్స్ అనే జర్మన్ సైనికాధికారి గొర్రెలు కాసే కుక్కల్లోంచి ఒకదాన్ని ఎంచుకొని ఈ జాతికి పునాది వేశాడు. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. రోజంతా మంద చుట్టూ తిరిగి, కాపరి సైగ కోసం చూస్తూ, ఏ గొర్రె గీత దాటుతుందో కనిపెట్టడం దాని పని. మన దేశంలోనూ పని కోసం పెరిగిన కుక్కలు ఉన్నాయి. కొల్లేటి ప్రాంతంలో జొనంగి కుక్కలు బాతుల మందలను తోలేవి. అలాంటి కాళ్లను, అలాంటి బుర్రను ఎనిమిది అడుగుల డాబా మీద పెడితే అది గోడ నుంచి గోడకు తిరగక ఏం చేస్తుంది? మనం అల్లరి అంటున్నది అల్లరి కాదు, పని దొరకని బలం. మన ఊళ్లో ఉద్యోగం లేక రచ్చబండ దగ్గర కూర్చున్న యువకులను చూసినప్పుడు మాకు ఈ మాటే గుర్తుకొస్తుంది.

పాస్టరు అన్న మాటకు కూడా కాపరి అనే అర్థం. అందుకే షేరు మాకు కాస్త చుట్టంలా అనిపించింది. బైబిలులో కుక్కకు గౌరవం తక్కువే. అయినా యోబు తన మందను కాచిన కుక్కలను తలచుకున్నాడు. లాజరు కురుపులను నాకింది కుక్కలే, ధనవంతుని ఇంట్లో ఒక్క మనిషీ అతని దగ్గరికి రాలేదు. నీతిమంతుడు ఎలాంటివాడో సామెతల గ్రంథం 12వ అధ్యాయం చెబుతూ, తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకునేవాడని అంటుంది. ప్రాణం పట్టించుకోవడమంటే కడుపు నింపడం ఒక్కటే కాదని మేము అనుకుంటున్నాము.

సరే, పని మొదలుపెట్టాము. తమ్ముడు వాట్సాప్‌లో పంపడానికి ఒక ప్రకటన రాశాడు. అచ్చు పనివాడు కదా, అందంగా రాశాడు. చాలా మంచి కుక్క, ఎవరినీ ఏమీ అనదు, పిల్లలతో ఆడుతుంది, ఉచితంగా ఇస్తాము అని ఉంది అందులో. ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ అందులో పెద్దమ్మ మణికట్టు లేదు. మా ఇంటావిడ అది చదివి, "ఆ పిల్లల వ్యాపారి కూడా మీకు అబద్ధమేమీ చెప్పలేదు తమ్ముడూ, చెప్పవలసింది చెప్పలేదు అంతే" అన్నది. తమ్ముడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత ముగ్గురం కూర్చొని మళ్లీ రాశాము.

కొత్త ప్రకటనలో ఇలా ఉంది. వయసు 14 నెలలు, మగది. ప్రేమతో మీదికి ఎగురుతుంది, దానివల్ల ఒక పెద్దావిడ పడి చెయ్యి విరిగింది. రోజుకు కనీసం రెండు గంటలు తిప్పాలి, లేకపోతే వస్తువులు కొరుకుతుంది. కోళ్లు, పిల్లులు కనబడితే తరుముతుంది. పగలంతా ఒంటరిగా వదిలితే అరుస్తుంది. కుక్కర్ కూతకు భయపడుతుంది, రైలు కూతకు భయపడదు. ఇప్పటిదాకా ఎవరినీ కరవలేదు. పగలు గొలుసుతో కట్టేసేవాళ్లకు ఇవ్వము. పిల్లలు పెట్టించడానికి ఇవ్వము, ఆపరేషన్ చేయించే ఇస్తాము. చూసి తమ్ముడు, "ఇది చదివినంక ఎవలొస్తరు అయ్యగారూ?" అన్నాడు. ఎవరు వచ్చినా ఒక్కరే కదా కావాలి అన్నాము.

నిజం చెబితే ఫోన్లు తగ్గుతాయి. ఇది ముందే చెబుతున్నాము, నిరాశపడకండి. మొదటి రెండు వారాల్లో ఆరుగురు అడిగారు. ఒక మామిడితోట యజమానికి కావలికి కావాలి. పగలు కట్టేసి రాత్రి వదులుతానన్నాడు, తోటలో మనిషి ఎవరూ ఉండరు. తోట పదెకరాలు. తమ్ముడికి ఆశ కలిగింది, అంత జాగా ఉంది కదా అని. కానీ పదెకరాల మధ్య నాలుగు అడుగుల గొలుసుంటే కుక్కకు ఉన్నది నాలుగు అడుగులే. ఇంకొకాయన ఆపరేషన్ వద్దు, అలాగే ఇవ్వండి, ఐదు వేలు కూడా ఇస్తాను అన్నాడు. అతనికి కావలసింది షేరు కాదు, షేరు పిల్లలు. ఆ ఐదు వేలు ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. అయినా చెల్లెమ్మే ఫోను తీసుకొని, "వద్దన్నా, దానికి ఇల్లు చూస్తున్నం, బేరం చూస్తలేం" అని పెట్టేసింది.

మా ఊరి కురుమ సోదరుడు ఒకాయన కూడా అడిగాడు. ఆయనకు మంచి మంద ఉంది. కుక్క పేరులోనే కాపరి ఉంది కదా, తీసుకుంటాను అన్నాడు. మంచి మనిషి, గొలుసు కూడా వేయడు. కానీ గొర్రెలు కాసే గుణం రక్తంలో ఉన్నా, నేర్పకపోతే అది తరిమే గుణంగానే మిగులుతుంది. పిల్లప్పటి నుంచి మందతో పెరిగిన ఊరకుక్క చేసే పని, గల్లీలో పెరిగిన ఏడాది కుక్క ఒక్కసారిగా చేయలేదు. మేము ఆయనకు కోళ్ల సంగతి దాచకుండా చెప్పాము. ఆయన నవ్వి, "అట్లయితే నా గొర్రెలు ఆగం ఐతయ్ అయ్యగారూ, చెప్పిండ్రు మంచిగైంది" అన్నాడు. రెండు గొర్రెలు చచ్చాక తెలిసి ఉంటే ఆయనకు నష్టం, షేరుకు కర్రదెబ్బలు, మాకూ ఆయనకూ మధ్య మాట పోయేది.

ఐదో వారంలో ఒక ఫోను వచ్చింది. శంషాబాద్ దాటాక ఒక గ్రామంలో ఉండే పెద్దమనిషి, పోలీసు జాగిలాల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాడు. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో జాగిలాలతో పాటు వాటిని నడిపే పోలీసులకూ శిక్షణ ఇస్తారు. ఆయనకు ఆ పని అంతా తెలుసు. అప్పటిదాకా ఫోను చేసినవాళ్లంతా కరుస్తుందా, అరుస్తుందా, ఎంత తింటుంది అని అడిగారు. ఈయన అడిగిన మొదటి ప్రశ్న వేరు. "పొద్దున ఎన్నింటికి లేస్తది?" నాలుగున్నరకు అన్నాము. "మంచిది, నేనూ అప్పుడే లేస్తా" అన్నాడు. ఆ ఒక్క మాటతో మాకు ధైర్యం వచ్చింది. షేరుకు పెద్ద జాగా కావాలని అందరూ అన్నారు. దానికి ముందు కావలసింది, దానితో పాటు లేచే మనిషి.

కానీ ఆయన భార్య ఒప్పుకోలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ప్రకటనలో చెయ్యి విరిగిన సంగతి చదివి, "నేను పడితే నన్నెవరు చూస్తారు" అన్నదట. న్యాయమైన మాట. మేము బతిమాలలేదు, అలా కాదులే అమ్మా అని సర్దిచెప్పలేదు. ఒకసారి వచ్చి చూడండి, వద్దనిపిస్తే వద్దు అన్నాము. వాళ్లు రెండుసార్లు ఉప్పుగూడ వచ్చారు. మొదటిసారి ఆయన షేరును అసలు తాకలేదు. పక్కన నిలబడి, అది ఎగిరినప్పుడల్లా వీపు తిప్పుకున్నాడు. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టినప్పుడు చేతిలోంచి చిన్న ముక్క ఇచ్చాడు. అరగంటలో షేరు కూర్చొని ఆయన మొహం చూడసాగింది. ఎగిరితే మనిషి మాయమవుతాడు, కూర్చుంటే మనిషి దొరుకుతాడు. ఇంతే ఆ పాఠం. పాపకు కూడా అది నేర్పించి, రెండు వారాలు రోజూ చేయించమన్నాడు. పాప ఒక్కరోజూ మానలేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఆ అమ్మగారు కుర్చీలో కూర్చుంటే షేరు వచ్చి ఎదురుగా కూర్చున్నది. ఆమె ఇంకా భయపడుతూనే ఉంది. కానీ ఇంటికి వెళ్లాక ఆయన వరండాకు నడుమెత్తు వెదురు తడిక కట్టించాడు, ఆమె వంటింట్లోకి పోయే దారిలో కుక్క రాకుండా. ఆ తడికను మీరు గమనించండి ప్రియులారా. పెద్దమ్మ పడ్డ సంగతి మేము దాచి ఉంటే ఆ తడిక ఉండేది కాదు. మొదటి వారంలోనే ఆమె పడిపోయేది, షేరు మళ్లీ రోడ్డున పడేది. మన నిజం ఎదుటివాళ్లను బెదరగొడుతుందని అనుకుంటాము. తీసుకోవాలనే మనసున్నవాళ్లకు అదే ఏర్పాటు చేసుకోవడానికి పనికొస్తుంది.

ఈలోగా చేయవలసిన పనులు చేయించాము. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. పాతబస్తీలో ఉండేవాళ్లకు మరీ దూరం కాదు. రేబిస్ టీకా, మిగతా టీకాలు వేసిన తేదీలన్నీ ఒకే కార్డులో ఉండేలా చూసుకోవాలి. కుని ఆపరేషన్ చేయించి, గాయం మానాకే పంపాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన దగ్గర ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష చేయించడం మంచిది. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు వచ్చే అవకాశం ఉంది, ఆ సంగతీ కొత్తవాళ్లకు చెప్పాలి. ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టారు. ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే ఫోను చేయాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. తమ్ముడే దాన్ని పెళ్లికార్డు అట్ట మీద అచ్చువేశాడు.

పాప కూడా ఒక నోటుబుక్కు రాసింది. షేరు అన్నంలో కారం ఉంటే తినదు. ఎడమ చెవి వెనక గోకితే కాలు ఆడిస్తుంది. వాన ఉరుముకు మంచం కిందికి పోతుంది, అప్పుడు పిలవొద్దు, పక్కన కూర్చోవాలి. ఇలా నాలుగు పేజీలు. ఆ పాపకు పెద్దవాళ్లు అబద్ధం చెబుదామనుకున్నారు. షేరు కొన్నాళ్లు ఊరికి పోతోంది, మళ్లీ వస్తుంది అని. పెద్దమ్మే ఒప్పుకోలేదు. "రాదు బిడ్డా. మంచిగ ఉంటది, కానీ ఇగ మనింటికి రాదు" అని ఆమే చెప్పింది. పాప ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ మరునాడే నోటుబుక్కు మొదలుపెట్టింది. నిజం చెప్పారు కాబట్టే దానికి వీడ్కోలు చెప్పే సమయం దొరికింది. మళ్లీ వస్తుందని నమ్మి ఉంటే రోజూ గల్లీ చివరిదాకా చూస్తూ ఉండేది.

షేరును తీసుకెళ్లిన రోజు పెద్దమ్మ తన పాత చీర ముక్క ఒకటి ఇచ్చింది, వాసన కోసం. చాచా గల్లీ చివరిదాకా వచ్చి, దూరంగా నిలబడి, "ఖుదా హాఫిజ్ షేరూ" అన్నాడు. మొదటి మూడు రోజులు అది సరిగా తినలేదు. తడిక దగ్గర పడుకొని గేటు వైపే చూసిందట. కుక్కలను పెంచే అనుభవజ్ఞులు మూడు లెక్కలు చెబుతారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అందుకే ఆ మొదటి రోజుల్లో పాత ఇంటివాళ్లు వెళ్లి చూడకూడదు. తమ్ముడు రోజూ ఫోను చేసేవాడు, ఆయన ఓపికగా చెప్పేవాడు. నాలుగో రోజు ఆ అమ్మగారే పెరుగన్నం కలిపి పెట్టిందట. కారం లేకుండా.

మూడు నెలలు నిండాక పాపను తీసుకొని మేమూ వెళ్లాము. షేరు దూరం నుంచే గుర్తుపట్టింది, ఒళ్లంతా ఊగిపోయింది, పాప దగ్గరికి ఉరికి వచ్చి, ఎగరబోయి, ఆగి, కూర్చున్నది. పాప దాని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. కాసేపటికి ఆ పెద్దమనిషి పొలం గట్టు మీంచి ఈల వేశాడు. షేరు పాప వైపు ఒకసారి చూసి ఆయన దగ్గరికి పరుగెత్తింది. పాప మనసు ఏమవుతుందోనని మేము భయపడ్డాము. అది కళ్లు తుడుచుకొని, "చూసిండ్రా, ఎంత దూరం ఉరుకుతుందో! మా డాబా మీద ఎన్నడూ అట్ల ఉరకలే" అన్నది. తొమ్మిదేళ్ల పిల్ల. ప్రేమంటే ఏమిటో మేము ఎన్నో ఆదివారాలు బోధించాము. ఆ రోజు మాత్రం ఆ బిడ్డ నోట విన్నాము.

ప్రియులారా, మీలో ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో ఉంటే కొన్ని మాటలు చెప్పి ముగిస్తాము. ఇవ్వవలసి రావడం పాపం కాదు, వదిలేయడం వేరు, అప్పగించడం వేరు. అప్పగించేటప్పుడు దాని మంచితో పాటు దాని కష్టాన్ని కూడా చెప్పండి. ఎంత జాగా ఉందని కాకుండా, రోజుకు ఎంత సమయం ఇస్తారని అడగండి. వచ్చి చూడమనండి, ఒకసారి కాదు, రెండుసార్లు. డబ్బు ఇస్తామన్నారని ఇవ్వకండి, ఎవరో ఒకరు దొరికారని కూడా ఇవ్వకండి. ఇంట్లో పిల్లలకు నిజం చెప్పండి. ఇక పెద్ద జాతి కుక్కపిల్లను కొనాలని ముచ్చటపడుతున్నవారు, దయచేసి ముందు ఏడాది నిండిన కుక్కను ఒకదాన్ని చూసి రండి. ఒక పొద్దున దాని వెంట నడిచి రండి. ఆ తర్వాత ఆలోచించండి.

మాట్లాడలేని ప్రాణం తన గురించి తాను చెప్పుకోలేదు. దాని తరఫున మనమే చెప్పాలి. ఆ చెప్పే మాట నిండుగా ఉండేలా దేవుడు మన నాలుకలను కాపాడును గాక. మీ ఇళ్లలోని మనుషులకూ జీవాలకూ ఆయన సమాధానం తోడై ఉండును గాక. ఆమేన్.